చలనచిత్ర శృంగారమున తటస్థదృష్టి

శృంగారకథకు నాయికానాయకులు మూలస్తంభములు. వారిరువురి మనస్సులలో బుట్టి, వారిరువురి మనస్సులలోనే పెరిగి, సంయోగముననో వియోగముననో పర్యవసించునది ప్రణయము. ఇట్టి కథలోనికి మూడవవా డొకడు వచ్చి, తన కన్నులతో నా ప్రణయమును జూచినప్పుడు కథకు బలము చేకూరునా, లేక ఉన్న బలము తగ్గునా యనునది విచారింపదగిన విషయము. దూత, చెలికత్తె, విదూషకుడు, ప్రతినాయకుడు మొదలగువారు ఈ విచారణలో ప్రధానులు కారు. ఏలన, దూతయు చెలికత్తెయు ప్రేమికుల పక్షమువారు. వారి చూపు ప్రేమికుల చూపునకే శాఖ. ప్రతినాయకుడు నాయికను గోరువాడు. వాని చూపు నాయకుని చూపునకు వికృతి. ఈ ప్రణయమువలన తనకు లాభముగాని నష్టముగాని లేక, దైవవశమున దానిచెంతకు వచ్చి నిలిచి చూచువా డొకడు గలడు. వాడే తటస్థుడు. ఏటియొడ్డున నిలిచినవాడని యా పదమునకు వ్యుత్పత్తి. వాడు ప్రవాహమును జూచును, తాను తడియడు.

నాటకరంగమున నీ ప్రశ్న యంత తీవ్రముగ బుట్టదు. అచ్చట సామాజికుడు తన యాసనమునుండి కదలడు. రంగముపై నెందఱు పాత్రలున్నను వానికి గనబడుట యొకే దూరమునుండి, యొకే దిక్కునుండి. చలనచిత్రమున నట్లు కాదు. ఛాయాగ్రహణయంత్ర మెచ్చట నిలిచిన సామాజికుని కన్నును అచ్చటనే నిలుచును. యంత్రము నాయకుని ప్రక్క నిలిచిన నాయిక సమీపమున గనబడును. నాయిక ప్రక్క నిలిచిన నాయకుడు గనబడును. తటస్థుని ప్రక్క నిలిచిన నిరువురును దూరమున గనబడుదురు. ఎవని కన్నులతో జూపవలె నను నిర్ణయమును ప్రతి దృశ్యమునందును దర్శకుడు చేయక తప్పదు. శ్రవ్యకావ్యమున కథకుని స్థాన మెట్టిదో, చలనచిత్రమున దృష్టిస్థాన మట్టిది. కావున తటస్థదృష్టి వలని గుణదోషములను చలనచిత్రము నాధారముగ జేసికొని చర్చించుట సమంజసము.

ఆలంకారికుల మతము నెఱిగినవారి కిందొక యాక్షేపము వెంటనే తోచును. రసము తటస్థగతముగ గాని స్వగతముగ గాని ప్రతీతము కాదని భట్టనాయకుడు చెప్పెను. ఆతని హృదయదర్పణము నేడు లభింపకున్నను, ఆతని మతము అభినవగుప్తుని లోచనమునందును, అభినవభారతియందును నిలిచియున్నది. రంగముపై గనబడు రతి పరులదని తోచినచో సామాజికు డుదాసీను డగును. తనదని తోచినచో లజ్జాదులు కలిగి యాస్వాదము చెడును. ఈ రెండును గాక విభావాదులు సాధారణీకరణము నొందినప్పుడే రసాస్వాదము. అభినవగుప్తుడు రసవిఘ్నములను లెక్కించుచు స్వగతత్వ పరగతత్వ నియమమును వానిలో నొకటిగ జేర్చెను. ఇట్లుండగా ప్రేమికులకును సామాజికునకును నడుమ నొక తటస్థుని నిలిపి, వాని కన్నులతో ప్రణయమును జూపుట యనగా పరగతత్వమును పనిగట్టుకొని తెచ్చుటయే కదా! మూడవవాని చూపు 'ఎవరో యిద్దఱు ప్రేమించుకొనుచున్నారు' అను భావమును గలిగించునే కాని, రతిని సాధారణము చేయజాలదు. ఇది పూర్వపక్షము.

ఈ పూర్వపక్షము తేలికగ ద్రోసిపుచ్చదగినది కాదు. తటస్థుడు సామాజికునకు ప్రతినిధిగ నిలుపబడిన చోట్ల నెల్ల నిది సత్యము. కాని ప్రాతినిధ్యమే తటస్థునికి గల యేకైక ప్రయోజన మనుకొనుట పొరపాటు. ప్రాచీనకావ్యములను జూచిన నీ భేదము స్పష్టమగును.

అభిజ్ఞానశాకుంతలమున చతుర్థాంక విష్కంభమునందు దుర్వాసుడు రంగముపై గనబడడు. నేపథ్యమున నాతని కంఠము మాత్రము వినబడును. ఆశ్రమద్వారమున నిలిచిన యా మహర్షి చూచిన దేమి? అతిథి వచ్చినను లేచి సత్కరింపని యొక కన్యను. ఆమె యెవనినో తదేకచిత్తముతో దలచుచున్నదని కూడ నాతడు గ్రహించెను. కాని యా తలపు ఆతనికి విరహముగ గనబడలేదు, అపరాధముగ గనబడినది. సామాజికునకు విరహమును తెలియును, అపరాధమును తెలియును. ఈ రెండు చూపుల నడుమనున్న యంతరమునుండియే తరువాతి కథ యంతయు బుట్టినది. షష్ఠాంకారంభమున వచ్చు జాలరియు నిట్టివాడే. చేపకడుపున దొరికిన యుంగరము వానికి విలువగల వస్తువు. అందలి ప్రణయకథ వానికి దెలియదు. భటులకు వాడు దొంగ. వానికి దానొక కూలివాడు. ఆ యుంగరము రాజును జేరినంతనే మఱపు తొలగెను. ప్రణయకథను ఒక తటస్థుడు ముడివేసెను. మఱియొక తటస్థుడు విప్పెను. ఇరువురిలో నెవ్వడును తాను చేసిన పని యెంతటిదో యెఱుగడు.

అల్లసాని పెద్దన మనుచరిత్రమున నీ మూడవచూపు వేఱొక రీతిని గలదు. ప్రవరునిచే నిరాకృతయైన వరూధిని పడు విరహవేదనను గంధర్వు డొకడు కనిపెట్టి, ప్రవరుని రూపము దాల్చి యామెను జేరును. వాడు పూర్వ మామెచే దిరస్కృతుడైనవాడు గనుక శుద్ధతటస్థుడు కాడు. అయినను అన్యుల వలపును వెలుపలనుండి చూచినవాని చూపు కథ నెంత దూరము త్రిప్పగలదో యీ వృత్తాంతము చూపుచున్నది. స్వరోచి జననమునకు మూలము ఆ చూపే. ఇట్లు మహాకవులు మూడవవానిని సామాజికునకు మాఱుగ నిలుపలేదు. చూచి యొక పని చేయువానిగ నిలిపిరి. అంతేకాదు, తాను చూచినదానిని వాడు కొంతవఱకే చూచినవాడు.

ఆ పెద్దనయే యొక పాత్రగ నున్న చలనచిత్రమున నీ లక్షణము పూర్ణముగ గనబడుచున్నది. అది 1951 డిసెంబరులో విడుదలయైన వాహినీవారి 'మల్లీశ్వరి'. దర్శకుడు బి. యన్. రెడ్డి. మాటలును పాటలును దేవులపల్లి కృష్ణశాస్త్రివి. సంగీతము సాలూరి రాజేశ్వరరావుది. మల్లీశ్వరిగ భానుమతియు, నాగరాజుగ నందమూరి తారక రామారావును నటించిరి. కథ కృష్ణదేవరాయల కాలమున, అనగా 1509వ సంవత్సరమునకును 1529వ సంవత్సరమునకును నడుమ జరిగినట్లు కల్పింపబడినది. బావామఱదండ్రైన నాగరాజు మల్లీశ్వరులు చిన్ననాటినుండి కలిసి పెరిగినవారు. వా డొక పేద శిల్పి. ఆమె తల్లి ధనము నాశించునది. వారి ప్రణయమునకు దారిద్ర్యమే తొలి యడ్డు. ఇంతవఱకు నిందు విశేష మేమియు లేదు; ఇట్టి కథలు లోకమున గోకొల్లలు. కథను విశేషముగ జేసినది ఒక వాననాటి సంఘటనము.

బావామఱదండ్రు లిరువురును సంతనుండి యింటికి మరలుచు, దారిలో వర్షమువలన నొకచోట దలదాచుకొందురు. అచ్చటికే మాఱువేషమున రాయలును పెద్దనయు వత్తురు. బయట వాన, లోపల నలుగురు. నాగరాజు ప్రోత్సాహమున మల్లీశ్వరి పాడి యాడును. వచ్చినవా రెవరో నాగరాజున కించుకయైన దెలియదు. ఆ యుల్లాసములో వాడు పరిహాసముగ నొక మాట యనును: రాయలవారితో జెప్పి మా మల్లికి పల్లకి పంపింపవలసిన దని. ఆ మాట యచ్చటనే గాలిలో గలిసిపోవలసినది. కాని విన్నవాడు రాయలు. నాగరాజు తన గ్రామమునకు దూరముగ ధనార్జనకై పోయియున్న కాలమున నిజముగనే పల్లకి వచ్చును. మల్లీశ్వరి యంతఃపురమునకు గొనిపోబడును.

ఆ దృశ్యమున నెవరి చూపు ఎంతవఱకు సాగినదో విమర్శించుట యావశ్యకము. మల్లీశ్వరి పాటలో బావ గలడు. ఆమె యాట బావకొఱకు. ఇతరులు చూచుచుండుట యామె కొక కౌతుకము మాత్రమే. నాగరాజు చూపున నామె తన మల్లి; ఆమె విద్యను పరులు మెచ్చుట తనకే మెప్పు. వాని పరిహాసమునకు మూల మా గర్వమే. రాయల చూపున నామె యొక విద్యావతి. పల్లెటూర బడియున్న రత్నము. రసికుడైన ప్రభువు రత్నమును జూచి మెచ్చెను. మెచ్చి తగినచోట నుంచదలచెను. ఆతడు చూచినదాన నసత్యము లేదు. ఆమె నిజముగనే విద్యావతి. చూడకపోయినది మాత్రము మిగిలినదంతయు. ఆ పాట యెవనికొఱకు పాడబడినదో యాతడు గ్రహింపలేదు. సామాజికుడు రెంటిని గ్రహించెను. ప్రేమికులు రాయలను గుర్తింపలేదు. రాయలు ప్రేమను గుర్తింపలేదు. ఈ పరస్పరాజ్ఞానము నడుమ సామాజికు డొక్కడే సమస్తము నెఱిగినవాడు.

పూర్వపక్షమునకు సమాధాన మిచ్చటనే కలదు. తటస్థుని చూపు సామాజికుని చూపుతో నేకమైనచో పరగతత్వదోషము కలుగును. మల్లీశ్వరిలో నవి యేకము కాలేదు. రాయలు తక్కువ చూచుటవలన సామాజికుడు ఎక్కువ చూడవలసినవా డయ్యెను. తన ప్రక్కనున్నవా డొకడు ఒక విషయమును గ్రహింపలేదని తెలిసినప్పుడు మనుష్యున కా విషయముపై మమత యధికమగుట లోకసిద్ధము. 'అయ్యో! ఈతడు పాటను విన్నాడు గాని, పాటలోని బావను గుర్తింపలేదే' యని సామాజికుని మనస్సు ప్రేమికుల పక్షమునకు వ్రాలును. అప్పుడు రతి పరులదిగ నుండదు. తటస్థుడు ఒడ్డున నుండుటచేతనే సామాజికుడు ప్రవాహమున దిగినవా డగును. కావున తటస్థదృష్టివలని యుపకార మాతడు చూచినదానివలన గాదు, చూడకపోయినదానివలన.

రాయల పక్కన పెద్దనను నిలుపుట కృష్ణశాస్త్రి ఔచిత్యజ్ఞానమునకు నిదర్శనము. వలపులో మునిగిన స్త్రీహృదయమును వర్ణించి తెనుగువారిచే మెప్పు వడసిన కవి యచ్చట నున్నాడు. ఆతని కావ్యమున నొక గంధర్వుడు అన్యుల వలపును చూచి కపటమున లాభము పొందెను. ఇచ్చట నొక ప్రభువు అన్యుల వలపును చూడక యౌదార్యమున నష్టము కలిగించెను. కపటికన్న నుదారుడు చేసిన యపకారము దుర్నివారము. ఏలన, కపటిని దూషింపవచ్చును, ఉదారుని దూషింప నోరురాదు. మల్లీశ్వరి తల్లి పల్లకిని జూచి సంతోషించెను. గ్రామము గౌరవముగ భావించెను. దుర్వాసుని నోట వచ్చినది శాపము; రాయల చేత వచ్చినది వరము. ఫలము మాత్రము రెంటికిని వియోగమే. శాపమువలె బనిచేసిన వరమును గల్పించుట యీ చిత్రకథలోని ప్రతిభ.

ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. రాయలు ప్రభువు, స్త్రీని అంతఃపురమునకు రప్పించినవాడు. ఆతడు ప్రతినాయకుడే కాని తటస్థు డెట్లగును? చిత్రము నాలోచించి చూచిన నీ సందేహము నిలువదు. మల్లీశ్వరి యంతఃపురమున నుండుట రాణివాసపు పరిచారికగ, కళావతిగ. రాయల యభిలాషకు బాత్రగ గాదు. రాయలకు గోరిక యున్నచో కథ బలవంతుడైన కాముకునకును పేదవాడైన ప్రేమికునకును జరిగిన పోరుగ మాఱిపోయెడిది. అట్టి పోరున దోష మెవనిదో మొదటనే తెలియును గనుక సామాజికునకు విచారింపవలసిన దుండదు. కోరిక లేని ప్రభువు, కీడు తలపని ప్రభువు, కేవలము మెప్పుచేత నిరువురి బ్రదుకులను విడదీయుట గంభీరతరమైన విషయము. మెచ్చుట వేఱు, ఎఱుగుట వేఱు. అధికారముగలవాడు ఎఱుగక మెచ్చినచో నా మెప్పే యొక యాజ్ఞ యగును. ఈ చిత్రమునకు బ్రాణభూతమైన యర్థ మిదియే. తటస్థుని చూపు లేనిచో నీ యర్థము పుట్టనే పుట్టదు.

అంతఃపురమున బ్రవేశించిన తరువాతి కథయు నీ దృష్టిభేదమునే పెంపొందించుచున్నది. అనుమతి లేక రాణివాసమున బ్రవేశించిన పురుషునకు మరణమే దండన. మల్లీశ్వరికి గల సౌఖ్యములన్నియు నా ప్రాకారములో నున్నవి. ఆమె కోరిన దొక్కటియు నచ్చట లేదు. విరహముననున్న యిరువురును మేఘమును దూతగ జేసికొని పాడు పాట కాళిదాసుని స్మరింపజేయును. కాని కాళిదాసుని యక్షుడు మాత్రమే మేఘముతో బలుకును. ఇచ్చట నిరువురును బలుకుదురు. ఆకసమున బోవు మేఘ మిరువురను జూడగలదు. వా రొకరి నొకరు చూడలేరు. ఇంతటి కథలో నీ ప్రణయమును బూర్తిగ జూచిన మూడవ వస్తువు జడమైన మేఘము. చేతనుడైన ప్రభువు కాదు.

రాణివాసమున బ్రదర్శింపబడు ఉషాపరిణయ నృత్యమును గూడ నిచ్చట దలచుకొనవలెను. ఉషాకన్య స్వప్నమున జూచిన పురుషు డెవడో తెలియక పరితపించుచుండగా, చెలికత్తెయగు చిత్రరేఖ లోకమునందలి సుందరుల చిత్రములను వ్రాసి చూపి, యనిరుద్ధుని గుర్తింపజేయును. చిత్రరేఖ వలపును జూచినది. చూచి చిత్రమున వ్రాసినది. వ్రాసి జంటను గలిపినది. ఆ కథ యెదుట నాడబడుచుండగా, దానిని జూచి మెచ్చుకొను సభలో చిత్రరేఖవంటి చూపుగలవారు లేరు. పురాణకథలోని వలపు సభకు గనబడినది; నాట్యమాడుచున్న స్త్రీ వలపు గనబడలేదు. వాననాటి దృశ్యమునకు బ్రతిబింబమువంటి దీ దృశ్యము. కథలో కథను జొప్పించుట యలంకారముకొఱకు గాక, ప్రధానార్థమును దృఢపఱచుటకు వినియోగపడినది.

ఇక నీ చిత్రముపై విమర్శకులు చేయదగిన ప్రధానమైన యాక్షేపము దాని ముగింపును గూర్చినది. శిల్పియై రాజధానికి వచ్చిన నాగరాజు ప్రాణములకు దెగించి రాణివాసమున బ్రవేశించును, పట్టుబడును, మరణదండన తప్పదని తోచును. తుదకు రాయలు సంగతి తెలిసికొని యిరువురను క్షమించి పంపును. ప్రభువు దయచేత గలిగిన సుఖాంతము కావ్యన్యాయము ననుసరించినది కాదనియు, కర్త తనకు దోచక రాజును బిలిచి ముడి విప్పించెననియు నాక్షేపింపవచ్చును. రాయలు దయామయుడని పొగడుటకే కథ యంతయు నడచినట్లు కొందఱకు దోచుటయు వింత కాదు.

రాయలు కేవలము దయ చూపినవాడైనచో నీ యాక్షేపము సంపూర్ణముగ నిలుచును. కాని యచ్చట జరిగినది దయ మాత్రమే కాదు, అభిజ్ఞానము. వాననాడు తాను విన్నమాట పరిహాస మనియు, తాను చూచిన యాట యొక పురుషుని కొఱకనియు, తాను పంపిన పల్లకి వియోగకారణ మనియు నాతడు మొదటిమాఱుగ గ్రహించెను. సామాజికుడు మొదటినుండియు నెఱిగినదానిని ఆతడు తుద నెఱిగెను. రెండు చూపులు అంతవఱకు వేఱువేఱుగ నడచి, యచ్చట గలిసినవి. శాకుంతలమున నుంగరమును జూచి దుష్యంతు డెఱిగినట్లు, ఇచ్చట ఖైదీల మాటలు విని రాయ లెఱిగెను. భేద మొక్కటి: అచ్చట మఱచినవాడును గుర్తించినవాడును నాయకుడే, ఇచ్చట గుర్తింపవలసినవాడు తటస్థుడు. రాజు క్షమించె ననుటకన్న, రాజు తన తప్పును సవరించుకొనె ననుట సత్యమునకు సమీపము. క్షమాపణ నేరస్థునకు జెందునది. ఇచ్చట ప్రేమికులు నేరస్థులు కారు.

అయినను చిత్రమున గొఱత లేదనుట పక్షపాతము. వాననాటి దృశ్యమున నంత విశదముగ స్థాపింపబడిన రాయల చూపు, కథామధ్యమున చిరకాలము మఱుగుపడినది. రాణివాసపు దృశ్యములలో ప్రేమికుల వేదనకు గలిగిన విస్తారము రాయల యజ్ఞానమునకు గలుగలేదు. తాను పంపిన పల్లకి ఫలము నాతడు కన్నులార జూచి, చూచియు గ్రహింపక పోయిన ఘట్టములు మఱికొన్ని యుండినచో, తుదనాతని యభిజ్ఞానము ఇంకను బలవత్తరమై యుండెడిది. ముగింపు తొందరపడినట్లు కొందఱకు దోచుటకు గారణ మీ లోపమే కాని, క్షమించుట యను కల్పనలోని లోపము కాదు.

తటస్థదృష్టికి మఱియొక రూపము 1953లో విడుదలయైన 'దేవదాసు'న గలదు. శరత్చంద్రుని వంగనవల నాధారముగ గొని వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వెలువడిన యీ చిత్రమున అక్కినేని నాగేశ్వరరావు దేవదాసుగను, సావిత్రి పార్వతిగను నటించిరి. ఇందు కథాభారము వహించిన తటస్థుడు లేడు. చంద్రముఖి మొదట పరాయిదియే యైనను, త్వరలోనే దేవదాసును బ్రేమించి ప్రవాహమున దిగినది. దేవదాసుని యేవగింపు చూపే యామె వృత్తిని మాన్పించినది. అందుచే నామె తటస్థ గాదు. చిత్రాంతమున మాత్రము తటస్థు లొక్కుమ్మడిగ వత్తురు. మరణోన్ముఖుడైన దేవదాసును దుర్గాపురమునకు జేర్చు బండివానికి తన బండిలోనున్నవా డెవడో, ఎవరికొఱకు బోవుచున్నాడో పూర్తిగ దెలియదు. పార్వతి యింటి ముంగిట జెట్టుక్రింద బడియున్న వానిని జూచుటకు గుమిగూడిన జనులకు వా డొక దిక్కులేని బాటసారి.

ఆ జనులు చూచునది యొక యనాథ మరణము. సామాజికుడు చూచునది యొక ప్రణయమున కంత్యఘట్టము. మూసికొనుచున్న తలుపులకు లోపల పార్వతి, వెలుపల దేవదాసు. నడుమ నేమియు నెఱుగని జనసమూహము. వారెవ్వరును దుష్టులు కారు. కొందఱు జాలిపడినవారు కూడ. కాని వారి జాలి పేరు లేనివానిపై జాలి. దేవదాసుని పేరును, వాని చిన్ననాటిని, వాని తప్పును నెఱిగిన సామాజికునకు వారి యజ్ఞానమే యధికతర శోకకారణ మగుచున్నది. జాలరి యుంగరమును దెచ్చినట్లు బండివాడు దేవదాసును దెచ్చెను. కాని యిచ్చట నుంగరమును బుచ్చుకొను రాజు లేడు. మల్లీశ్వరిలో తటస్థుడు తుద గ్రహించెను గనుక కథ సుఖాంతము. దేవదాసున తటస్థులు తుదివఱకు గ్రహింపలేదు గనుక కథ శోకాంతము. రెంటను దటస్థదృష్టి ప్రయోజన మొక్కటియే: సామాజికునకు దెలిసినది యెంత యమూల్యమో తెలియజేయుట.

ఇంతమాత్రమున తటస్థుని ప్రవేశపెట్టిన ప్రతి శృంగారచిత్రమును రాణించు ననరాదు. అపకారము కలుగు పద్ధతులును రెండు గలవు. వ్యాఖ్యాతగ మాఱిన తటస్థుడు మొదటివాడు. నాయకుని మిత్రుడో, పొరుగింటి ముదుసలియో, కథ చెప్పు కంఠమో ప్రతి ఘట్టమునను ప్రత్యక్షమై 'వీరి ప్రేమ యెంత పవిత్రమైనది' యని చెప్పుచుండును. అట్టివాడు సామాజికునకన్న నొక్క యక్షరమైన తక్కువ యెఱుగడు. వానితో సామాజికుని కేమియు భేదము లేదు గనుక, చూడవలసిన పనియంతయు వాడే చేసివేయును. సామాజికుడు పని లేనివాడై దూరముగ నిలుచును. అనుభావములు చెప్పవలసినదానిని మాటలు చెప్పినచో రసము స్వశబ్దవాచ్యత్వదోషముచేత నీరసమగునని యాలంకారికులు హెచ్చరించియే యున్నారు. పూర్వపక్షమున జెప్పబడిన పరగతత్వదోషము సంపూర్ణముగ సంక్రమించున దిట్టి చిత్రములకే.

రెండవది హాస్యముకొఱకు నిలుపబడిన తటస్థుడు. ప్రేమికుల రహస్యసమాగమమును చాటునుండి చూచి యెగతాళి చేయుట వాని పని. వానివలన క్షణకాలము నవ్వు పుట్టునేమో కాని, వాని చూపునకు ఫలము లేదు. వా డున్నను లేకున్నను గథ యొక్క తీరుననే నడచును. ఫలము లేని చూపు కథలో నిలువదు. విదూషకుని నవ్వులో గూడ రాజు మనస్సును బయటపెట్టు ప్రయోజన ముండుట ప్రాచీననాటకములందు గానవచ్చును. ఆ ప్రయోజనము లోపించిన తటస్థుడు శృంగారమునకు భారమే.

ఈ విచారణవలన దేలిన లక్షణములు మూడు. తటస్థుడు ప్రేమికుల పక్షమువాడును, ప్రతిపక్షమువాడును గాక, తనదైన ధర్మమును, తనదైన చూపును గలవాడై యుండవలెను. రాయలకు రసికత్వమును ప్రభుత్వమును, బండివానికి వాని కూలి, దుర్వాసునకు తపోగర్వము నట్టివి. వాడు సామాజికునకన్న దక్కువ యెఱుగవలెను. ఆ తక్కువతనమే సామాజికుని ప్రేమికులకు జేరువ చేయును. వాని చూపువలన నొక కార్యము జరుగవలెను. లేదా జరుగవలసిన కార్యము జరుగక పోవలెను. ఈ మూడును గలిగిన తటస్థదృష్టి శృంగారమునకు బోషకము. ఇందేది లోపించినను బాధకము.

భట్టనాయకాదులు తటస్థగతమైన ప్రతీతి రసము కాదని చెప్పుట సామాజికుని గుఱించి. పాత్రను గుఱించి కాదు. పాత్ర తటస్థమై యుండుటవలన సామాజికుని తాటస్థ్యము తొలగుట యసంభవము కాదని మల్లీశ్వరి నిరూపించినది. వేయేండ్లనాటి సిద్ధాంతమునకు నిన్నమొన్నటి కళ విరుద్ధము కాకపోగా, దాని పరిధిని మఱికొంత విశదము చేసినది. పాఠశాలలలో శాకుంతలమును మనుచరిత్రమును బోధించు పండితులు విద్యార్థులకు దుర్వాసుని కంఠమును, గంధర్వుని మాయను వివరించునపుడు, వాన కురియుచుండగా మాఱువేషమున నిలిచి పాట విన్న ప్రభువును గూడ నొక యుదాహరణముగ జూపుట యనుచితము కాదు. ఆ ప్రభువు పాటను జక్కగ విన్నాడు. పాడినదాని మనస్సును వినుటకు మాత్ర మాతనికి చిరకాలము పట్టినది. ఆ కాలమంతయు నిద్దఱు మనుష్యులు వియోగము ననుభవించిరి. ఒరులను మెచ్చుకొనువా రందఱును దలచుకొనదగిన విషయ మిది.